బాప్తిస్మము - జ్ఞానస్నానము: కోనసీమ వాడుకపై ఒక విమర్శ

అన్యదేశ్యములు తెలుగులో ప్రవేశించిన తీరును విచారించిన పండితులు పారసీక, ఉర్దూ, ఆంగ్ల పదములపై చూపిన శ్రద్ధ గ్రీకు పదములపై చూపలేదు. ఆ పదములు కొలదిగా నుండుటయు, అవి యొక మతమువారి వాడుకకే చెందినవను తలంపును ఇందుకు కారణములు కావచ్చును. ఈ తలంపు సరియైనది కాదు. 'బాప్తిస్మము' అను పదమునే తీసికొందము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఈ మాట నెరుగని పల్లె లేదనిన అతిశయోక్తి కాదు. క్రైస్తవుడు కానివాడును పొరుగువానిని గూర్చి 'బాప్తిస్మము తీసికొన్నాడు' అని చెప్పును. వినువానికి వెంటనే బోధపడును. కాని ఆ పదములోని ఏ భాగమునకును తెలుగున గాని సంస్కృతమున గాని వ్యుత్పత్తి చెప్పుటకు వీలులేదు. వ్యుత్పత్తి తెలియని మాట ఇంత స్పష్టముగా ఎట్లు బోధపడుచున్నది? పదము చెప్పలేని దానిని క్రియ చెప్పుచున్నదని మా సమాధానము. ఆ క్రియ కోనసీమ నీటిలో జరుగుటవలన దానికి కలిగిన అర్థమెట్టిది, ఇటీవలి న్యాయస్థానముల తీర్పులవలన ఆ యర్థము ఏ స్థితికి వచ్చుచున్నది అనునవి ఇందు విచారింతుము.

కోనసీమ గోదావరి పాయల నడుమ నున్న సీమ. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఈ సీమకు ఇరుగట్లను రెండు క్రైస్తవ సంప్రదాయములు కలవు. గౌతమి యావలి గట్టున యానాము. అది 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండినది. అచ్చటిది కతోలిక సంప్రదాయము. వారి మాట 'జ్ఞానస్నానము'. వసిష్ఠ యావలి గట్టున, సఖినేటిపల్లి రేవునకు ఎదురుగా, నరసాపురము. ఇంగ్లండులో డెవన్ సీమలోని బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను చేతిపనివారు ఇరువురు, ఆంటొని నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహమున, సకుటుంబముగా 1836లో భారతదేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము కేంద్రముగా బోధ సాగించిరి. గోదావరి డెల్టా మిషన్ అను పేర ప్రసిద్ధమైన ఈ బ్రదరన్ శాఖ కోనసీమ క్రైస్తవమునకు గల మూలములలో ప్రధానమైనది. ఉత్తరమున రాజమహేంద్రవరములో లూథరనులు, కాకినాడలో 1874 నుండి కెనడా బాప్తిస్టులు పనిచేసిరి. లూథరనులు శిశువులకును బాప్తిస్మమిచ్చుదురు. నీరు పోయుట గాని చిలకరించుట గాని చాలునందురు. బాప్తిస్టులును, గోదావరి డెల్టా మిషన్‌కు చెందిన బ్రదరనులును విశ్వాసమును తానుగా ఒప్పుకొన్న వానినే, నీట పూర్తిగా ముంచి, బాప్తిస్మమునకు యోగ్యునిగా నెంచుదురు. కావున ఒకే పల్లెలో రెండు మూడు ఆచారములు పొరుగుపొరుగుననే కానవచ్చుట ఇచ్చట వింత కాదు.

పదముల చరిత్రకు వత్తము. 'జ్ఞానస్నానము' దక్షిణ భారతమున పనిచేసిన కతోలిక గురువుల సంస్కృతాభిమానమునకు ఫలము. తమిళమున ఈ మాట ప్రొటెస్టంటులకును నిలిచినది. మలయాళమున సురియాని క్రైస్తవులు 'మామోదీసా' అను సిరియా భాషాపదమును నేటికిని వాడుచున్నారు. అచ్చటనే 'స్నానము' అనువారును కలరు. తెలుగు ప్రొటెస్టంటులు మాత్రము గ్రీకు పదమునకే ము-వర్ణకము చేర్చి వాడుకొనిరి. మద్రాసులో బెంజమిన్ షుల్ట్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధమున చేసిన తెలుగు బైబిలనువాదము అచ్చునకు రాలేదు. విశాఖపట్టణమున డెగ్రాంజెస్, ఆనందరాయరు అనువారు సిద్ధపరచిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆ పిమ్మట ఎన్ని సవరణలు జరిగినను, నేడు ప్రొటెస్టంటుల యిండ్లలో చదువబడు తెలుగు బైబిలులో నిలిచిన పదము బాప్తిస్మమే.

ఇట్లు గ్రీకు పదమునే నిలుపుటలో భాషావిషయము కంటె సంఘముల నడుమ సంధియే ఎక్కువ కలదు. 1830ల దశకమున కలకత్తాలోని బాప్తిస్టు అనువాదకులు వంగభాషలో ఆ గ్రీకు క్రియను 'ముంచుట' అను అర్థము వచ్చునట్లు అనువదించిరి. బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ అట్టి ప్రతులకు సహాయము చేయ నిరాకరించినది. చిలకరించు సంఘములకును ముంచు సంఘములకును సమ్మతమగు మాట కావలెననియు, లేనిచో గ్రీకు పదమునే లిప్యంతరము చేయవలెననియు వారి పట్టుదల. ఈ తగవు ఫలితముగా బాప్తిస్టులు ఇంగ్లండున 1840లో వేరు అనువాద సంఘమును స్థాపించుకొనిరి. అమెరికాలోను అట్టి చీలికయే జరిగినది. ఒక క్రియాపదమునకై రెండు ఖండములలో సంస్థలు చీలుట అనువాద చరిత్రలో అరుదైన విషయము. మన వాఙ్మయమున సీస పద్యపాదముల పాఠభేదములకై వాదించుకొన్నవారిని చూచి నవ్వువారు ఈ కథ నెరుగవలెను.

సంధిగా ఆ పద్ధతి మంచిదే కావచ్చును. అనువాదముగా మాత్రము అది అనువదించుట మానుకొనుటయే. గ్రీకున ఆ క్రియకు ముంచుట యని సామాన్యార్థము. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయమున దానిని మరణముతోను, పాతిపెట్టబడుటతోను, తిరిగి లేచుటతోను ముడివేసెను. మునుగుట చావు, లేచుట క్రొత్త బ్రతుకు. ఈ రూపకమంతయు క్రియాపదములోని ముంపుపై ఆధారపడినది. పదమును లిప్యంతరము చేయగానే రూపకమునకు కాలు విరిగినది. తెలుగు పాఠకుడు ఆ యధ్యాయమును చదువునపుడు బాప్తిస్మమునకును సమాధికిని ఏమి సంబంధమో వాక్యమున గాక వ్యాఖ్యానమున తెలిసికొనవలసి వచ్చుచున్నది.

'జ్ఞానస్నానము' ఈ విషయమున మేలా? దానికి గల శాస్త్రబలమును కాదనరాదు. రెండవ శతాబ్దికి చెందిన జస్టిన్ మొదలగు ఆదిమ క్రైస్తవ రచయితలు బాప్తిస్మమునకు వెలుగు, ప్రకాశనము అను అర్థముగల పేరును వాడిరి. జ్ఞానశబ్దము దానికి చక్కని సంస్కృత రూపము. మా యాక్షేపణ రెండవ శబ్దముపై. స్నానము మన ధర్మశాస్త్రములలో నిత్యము, నైమిత్తికము, కామ్యము అని విభాగింపబడినది. అది మరల మరల చేయదగినది. మాఘమున అంతర్వేదిలో సాగరసంగమ స్నానము చేసినవాడు మరుసటి మాఘమునను చేయును. 2015 పుష్కరములలో మునిగినవాడు 2027 పుష్కరములకు ఎదురుచూచును. బాప్తిస్మము ఒక్కసారియే. అంతకంటె ముఖ్యమైన భేద మింకొకటి కలదు. మరణమునకు పిమ్మట స్నానము చేయుట మన ఆచారము; చనిపోయినవానికై బ్రతికియున్నవారు చేయు స్నానమది. బాప్తిస్మమున మునుగువాడే చనిపోయినవాడు. ఈ భేదమును స్నానశబ్దము కప్పివేయుచున్నది. అందున్నది శుద్ధి, మరణము లేదు.

మరి అచ్చ తెలుగున ఏమి చేయవలసి యుండెను? 'ముంచు' కలదు. అనువాదకులు దానిని వదలుటకు కారణము ఊహింపవచ్చును. తెలుగున ముంచుట యనిన ద్రోహము చేయుట. కొంప మునుగుట యనిన సర్వనాశనము. నిండ మునిగినవానికి చలి యేమని సామెత. భక్తునికి చేయు పవిత్ర కార్యమునకు ఇట్టి అపశకునపు మాట ఏల యని సంకోచించి యుందురు. కాని ఆ యపశకునమే పౌలు చెప్పదలచినది! కోనసీమలో ఈ మాటకు గల బరువు వేరుచోట్ల లేదు. లంక గ్రామములవారికి 'ముంపు' ఏటేట వచ్చు భయము. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును ఎరిగిన తరమువారు అక్కడ ఇంకను కలరు. మునుగుట చావు అను సమీకరణమును వారికి ఏ వ్యాఖ్యాతయు బోధింపనక్కరలేదు. అనువాదకుల బల్లపై విడువబడిన ఈ పదము, కోనసీమలో కాలువ గట్టున క్రియారూపమున మరల దొరికినది.

ఆ క్రియను కొంత వివరింతుము. బాప్తిస్మము కోరినవానిని సంఘపు పెద్దలు ముందుగా ప్రశ్నింతురు. అతడు తన మార్పును గూర్చి పదిమంది యెదుట సాక్ష్యము చెప్పును. పిమ్మట కాలువకో, నదీపాయకో నడచిపోవుదురు. నేడు పెక్కు మందిరములలో కట్టిన తొట్లును కలవు. తెల్లని వస్త్రములు ధరించిన అభ్యర్థి నడుములోతు నీట నిలుచును. పెద్ద యొకడు తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున అతనిని వెల్లకిల ముంచి లేపును. గట్టున నున్నవారు కీర్తన పాడుదురు. ఆ తరువాతనే ఆదివారపు రొట్టె విరుచుటలో అతనికి పాలు. బ్రదరన్ సంఘములలో అభిషిక్తులగు గురువుల వ్యవస్థ లేదు. ముంచువాడు వృత్తిచే గురువు కానక్కరలేదు. నీటికి ప్రత్యేకమైన మంత్రసంస్కారమును లేదు. క్రైస్తవ సంఘ నియమములను చెప్పు ప్రాచీన గ్రంథములలో ఒకటియగు 'దిదఖే' పారు నీటిలో బాప్తిస్మమిమ్మనియు, అది లేనిచో వేరు నీటిలో ననియు, అదియు చాలనిచో తలపై ముమ్మారు పోయుమనియు విధించినది. ముంచువారికిని పోయువారికిని అందు ఆధారము దొరకును. కాలువనీరు పారు నీరేయని కోనసీమవారు ఆ గ్రంథమును చదివి చేసినది కాదు. వారికి ఉన్నది కాలువయే.

ఈ కాలువను గూర్చి ఒకమాట చెప్పవలెను. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టబడినది. ఆ పనివాండ్ర నడుమ గోదావరి డెల్టా మిషన్‌వారు బోధించిరి. ఆనకట్టనుండి త్రవ్విన కాలువలు కోనసీమ పల్లెల గుండ సాగినవి. ఊరిచెరువునకు కులమర్యాదలు కలవు. మాలమాదిగలు ఏ రేవున దిగవలెనో, ఏ రేవున దిగరాదో ఊరు నిర్ణయించినది. సర్కారు త్రవ్వించిన కాలువకు అట్టి ప్రాచీన మర్యాద లేదు. తీర్థమహిమయు లేదు. మహిమ లేని నీరు, మర్యాద లేని గట్టు. ఊరిచెరువున దిగ యోగ్యత లేదనబడినవాడు ఊరివారు చూచుచుండగా సర్కారు కాలువలో నిండ మునిగి లేచుట సామాన్యమైన దృశ్యము కాదు. ఈ చరిత్రకారణము బాప్తిస్మముయొక్క వేదాంతార్థములో లేదు. కాని కోనసీమలో దాని యర్థములో తప్పక కలదని మా యభిప్రాయము.

వాడుకలోని క్రియాపదములును పరిశీలింపదగినవి. గ్రంథభాషలో 'బాప్తిస్మమిచ్చు', 'బాప్తిస్మము పొందు' అని యుండును. ఇచ్చువాడు పైన, పొందువాడు క్రింద. జనవ్యవహారమున వినబడునది 'తీసికొను'. దీక్ష తీసికొను, సన్న్యాసము తీసికొను అనునట్లు కర్త తన యిచ్ఛచే చేయు కార్యమిది. శిశువు తీసికొనజాలడు. శిశువును గూర్చి లూథరనులు 'ఇప్పించినారు' అందురు. అచ్చట ప్రేరణార్థకము, కర్తలు తల్లిదండ్రులు. శిశు బాప్తిస్మమా విశ్వాస బాప్తిస్మమా యని ఐరోపాలో 16వ శతాబ్ది నుండి నెత్తురు కార్చిన తగవు తెలుగున రెండు క్రియారూపముల నడుమ నిలిచినది. వ్యాకరణము చదువు విద్యార్థులకు ఇంతకంటె మంచి ఉదాహరణము మేమెరుగము.

బాప్తిస్మము తీసికొన్నవాడు ఏమగును? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 17వ శతాబ్ది ఆరంభమున మధురలో బాప్తిస్మమునకు వచ్చినవానిని పరంగి కులమున చేరెదవా యని అడుగు ఆచారముండెను. రాబర్ట్ డి నొబిలీ దానిని నిరసించి, మతమున చేరుట కులమున చేరుట కాదని వాదించెను. అతని వాదమునకు మరియొక ముఖమును కలదు: కులము విడువనక్కరలేదని అగ్రవర్ణములకు అభయమిచ్చుట. తెలుగుదేశమున జరిగినది వేరు. వ్యక్తులుగా వచ్చిన అగ్రవర్ణులు కలరు. క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడగు పురుషోత్తమ చౌదరి 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. కాని సమూహములుగా వచ్చినవారు మాలమాదిగలు. 1878 జూలై 3న ఒంగోలు దాపున గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము తీసికొనిరి. క్షామకాలమున జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి కూలి చూపెను గాని, క్షామము తీరువరకు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కూటికై వచ్చిరను నింద తగులరాదని అతని జాగ్రత్త. అనగా బాప్తిస్మము వలన లోకలాభము లేదని నిరూపించుట ఆనాడే అవసరమైనది.

లాభము లేకపోవుట యటుండగా, 1950 తరువాత అది నష్టహేతువైనది. ఆ సంవత్సరము ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు హిందూమతము గాక వేరు మతమును అవలంబించువారిని షెడ్యూల్డు కులములనుండి మినహాయించినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ మినహాయింపునుండి తప్పించిరి, క్రైస్తవులను తప్పింపలేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో సి-వర్గమున చేర్పబడిరి. ఆ వర్గమునకు నూటికి ఒకపాలు. అమలాపురము లోకసభ స్థానమును, అమలాపురము, రాజోలు, పి. గన్నవరము శాసనసభ స్థానములును షెడ్యూల్డు కులములకు కేటాయింపబడియున్నవని జ్ఞప్తియందుంచుకొనిన, ఈ ఉత్తరువు కోనసీమ యిండ్లలో ఎంత దగ్గరి విషయమో తెలియగలదు. ఒకే మనిషికి బడి దాఖలాలో ఒక పేరును, సంఘమున మరొక పేరును ఉండుటకు కారణమును ఇందే వెదకవలెను. యానాముతోపాటు ఒకే పాలనక్రింద నున్న పుదుచ్చేరినుండి వచ్చిన వ్యాజ్యమున 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, శైశవమున పొందిన బాప్తిస్మపు దాఖలాయు సాక్ష్యములలో ఒకటిగా గ్రహింపబడినది. అర్జీదారుకు కులపత్రము లభింపలేదు. 2025 ఏప్రిలు 30న ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఒక బోధకుని వ్యాజ్యమున, క్రైస్తవుడైనవాడు షెడ్యూల్డు కులముల అత్యాచార నిరోధ శాసనమును ఆశ్రయింపజాలడని తీర్పు చెప్పినది.

న్యాయశాస్త్రము మా విషయము కాదు. మా విషయము పదములు. ఉత్తరువులోని ఆంగ్ల క్రియకు మూలార్థము బాహాటముగా ప్రకటించుట. తెలుగున 'అవలంబించు' అని అనువదించుటచే ఆ యర్థము మరుగుపడినది. బాప్తిస్మమున అభ్యర్థి చేయునదియు అదియే: అందరియెదుట ప్రకటించుట. దానికి తెలుగు బైబిలులోని మాట 'ఒప్పుకొను'. ఈ క్రియకు తెలుగున రెండు ముఖములు కలవు. నమ్మినదానిని ధైర్యముగా చెప్పుట యొకటి. న్యాయస్థానమున తనకు వ్యతిరేకమైన విషయమును అంగీకరించుట మరియొకటి. కాలువ గట్టున మొదటి యర్థమున పలికిన మాట కచ్చేరీలో రెండవ యర్థమున వ్రాసికొనబడుచున్నది. తీర్పిచ్చినవారు బాప్తిస్మమును తక్కువచేసిరనుటకు వీలులేదు. వారు దానిని నమ్మినవారికంటె గట్టిగా నమ్మిరి! ఒక్కసారి మునిగినవాని పూర్వజన్మము నిజముగా ముగిసినదని అంగీకరించినది న్యాయస్థానమే. ఊరు మాత్రము అంగీకరింపలేదు. మునిగి లేచినవానిని ఊరు పూర్వపు కులపు పేరుతోనే పిలుచుచున్నది, పూర్వపు వాడలోనే ఉంచుచున్నది. పౌలు రూపకమున చావవలసిన పాతమనిషి కోనసీమలో కాగితముపై చచ్చి వీథిలో బ్రతికియున్నాడు.

దీనివలన క్రియకు కలుగు మార్పును పరిశోధకులు గమనింపవలెను. విశ్వాస బాప్తిస్మమునకు ప్రాణము పదిమంది చూచుట. చూచుట ప్రమాదమైనప్పుడు మూడు మార్గములు కలవు: తొట్టిలో ఇంటివారి నడుమ తీసికొనుట, దాఖలా వ్రాయకుండుట, వాయిదా వేయుట. వాయిదా చరిత్రలో క్రొత్తది కాదు. నాలుగవ శతాబ్దిలో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైను 337లో మరణశయ్యపైనే బాప్తిస్మము పొందెను. అగస్టీనుకు తల్లి బాల్యమున బాప్తిస్మమిప్పింపక వాయిదా వేయగా, అతడు 387లో మిలానున పొందెను. వారి భయము పిమ్మట చేయబోవు పాపములను గూర్చినది. బాప్తిస్మానంతర పాపమునకు క్షమ కష్టమని ఆనాటివారి తలంపు. ఇచ్చటి భయము పాపమును గూర్చినది కాదు. పిల్లల చదువును గూర్చినది, ఉద్యోగమును గూర్చినది, దెబ్బతిన్ననాడు ఠాణాలో చేయు ఫిర్యాదును గూర్చినది. అట్టివాడు ఆదివారము ఆరాధనకు వచ్చును, కీర్తనలు పాడును, బోధ వినును. రొట్టె విరుచువేళకు పళ్ళెము అతని వరుసకు వచ్చినప్పుడు ముట్టక ప్రక్కవానికి అందించును. అతనిని గూర్చి అడిగినచో పెద్దలు నిందింపరు. 'ఇంకను తీసికొనలేదు' అని మాత్రము చెప్పుదురు.